రొమ్ము తీయకుండా క్యాన్సర్ ఆపరేషన్: గోదావరి జిల్లాల ఆడవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఓపీ గదిలో డాక్టరు గారు చెప్తున్నంతసేపూ తలూపుతారు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చోగానే అసలు డౌట్లు మొదలవుతాయి. అమలాపురం వాళ్లయినా, పాలకొల్లు వాళ్లయినా, భీమవరం వాళ్లయినా అడిగేవి దాదాపు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీరు ఏ దశలో ఉంటే అక్కడికి వెళ్లిపోండి. మీ రిపోర్టులు చూసి ఇస్తున్న సలహా కాదిది. మీ డాక్టరుని ఏం అడగాలో తెలియడానికి మాత్రమే.

## జబ్బు బయటపడ్డాక, నిర్ణయానికి ముందు

గడ్డ ఒక్కటే తీస్తే క్యాన్సర్ లోపల మిగిలిపోదా? మొత్తం తీసేస్తేనే సేఫ్ కదా?

అందరూ మొదట అడిగేది ఇదే. సమాధానం కూడా అందరికీ ఒకటే: సరైన కేసులో గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇస్తే, మొత్తం రొమ్ము తీసినవాళ్లు ఎంతకాలం బతుకుతారో వీళ్లూ అంతకాలమే బతుకుతారు. ఇది ఎవరి అభిప్రాయమో కాదు. ఇటలీలోని మిలాన్‌లో వెరొనేసి బృందం 701 మందిని, అమెరికాలో ఫిషర్ బృందం 1,851 మందిని 20 ఏళ్లు గమనించి, 2002లో ఫలితాలు ప్రచురించింది. బతికే కాలంలో తేడా కనిపించలేదు.

అయితే ఒక షరతుంది. ఫిషర్ అధ్యయనంలో గడ్డ తీసి రేడియేషన్ తీసుకున్నవాళ్లలో 20 ఏళ్లలో 100కి 14 మందికి అదే రొమ్ములో జబ్బు తిరిగి వచ్చింది. రేడియేషన్ తీసుకోనివాళ్లలో అది 39 మంది. ఇవి పాత కాలం లెక్కలు, ఇప్పటి మందులతో ఇంకా తగ్గాయి. కానీ విషయం మారలేదు. గడ్డ తీయడం సగం వైద్యం, రేడియేషన్ మిగతా సగం. "రొమ్ము ఉంచండి, కరెంటు (రేడియేషన్‌ని మన వైపు అలాగే అంటారు) మాత్రం వద్దు" అంటే చాలామందికి కుదరదు.

మన వైపు "మొత్తం తీయించేశాం" అంటే ధైర్యం చేసినట్టు, "ఉంచుకున్నాం" అంటే ఆశకు పోయినట్టు మాట్లాడేవాళ్లున్నారు. లెక్కలు అలా చెప్పడం లేదు.

బయాప్సీ సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందట కదండీ?

పాకదు. లావు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. అది ఏ రకం జబ్బో, హార్మోన్ మాత్రలు పనిచేస్తాయో లేదో ఆ ముక్కే చెప్తుంది.

నిజంగా నష్టం చేసేది ఇంకోటుంది. పరీక్ష లేకుండా ఊళ్లోనే "చిన్న గడ్డేనమ్మా, తీసి చూద్దాం" అని కోయించుకోవడం. గడ్డ చుట్టూ ఎంత తీశారో తెలీదు, తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ ఉందేమో చూసినవాళ్లుండరు, ఒక్కోసారి ముక్కని ల్యాబుకే పంపరు. ఆ తర్వాత క్యాన్సర్ సర్జన్ దగ్గరకి వెళ్తే మళ్లీ కోయాలి. ఉంచుకోగలిగిన రొమ్ము ఉంచుకోలేకపోవచ్చు, ఉంచినా ఆకారం దెబ్బతింటుంది. ఎవరు చేసినా సరే, సూది పరీక్ష రిపోర్టు చేతికి రాకుండా కత్తి పెట్టనివ్వకండి.

నాకు రొమ్ము నిలుస్తుందో లేదో దేన్ని బట్టి చెప్తారు?

గడ్డ సైజు ఒక్కటే చూడరు, రొమ్ము సైజుతో పోల్చి చూస్తారు. పెద్ద రొమ్ములో 3 సెంటీమీటర్ల గడ్డ తీసినా తెలియకపోవచ్చు. చిన్న రొమ్ములో అదే 3 సెంటీమీటర్లు పెద్ద లోటు. మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, సున్నపు చుక్కలు రొమ్మంతా పరుచుకుని ఉన్నా, చర్మం ఎర్రబడి నారింజ తొక్కలా గుంటలు పడే వాపు రకం క్యాన్సర్ అయినా సాధారణంగా మొత్తం తీయమంటారు. ఇదివరకే ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

ముందు కీమో అన్నారు. ఆపరేషన్ లేటయితే ప్రమాదం కాదా?

కాదు. కీమోతోనే వైద్యం మొదలైపోయింది. పెద్ద గడ్డని చిన్నది చేసి రొమ్ము నిలబెట్టడానికి ఇదొక దారి. ఇక్కడ రెండు విషయాలు చూసుకోండి. కీమో మొదలుకాకముందే గడ్డ లోపల బియ్యపుగింజ కన్నా చిన్న లోహపు క్లిప్పు పెట్టారా అని అడగండి. గడ్డ పూర్తిగా కరిగిపోతే, ఎక్కడ కోయాలో ఆ క్లిప్పే చూపిస్తుంది. రెండోది: చేతికి గడ్డ తగలట్లేదు కదా అని ఆపరేషన్‌కి రాకుండా ఇంట్లో ఉండిపోకండి. అలా ఉండిపోయి, ఆర్నెల్లకి మళ్లీ గడ్డతో వచ్చేవాళ్లున్నారు.

మా అత్తగారికి 72. ఈ వయసులో రొమ్ము ఉంచడం ఎందుకు అంటున్నారు ఇంట్లో.

ఆవిడని అడిగారా? వయసు అడ్డు కాదు. నిజానికి గడ్డ మాత్రం తీసే ఆపరేషన్ చిన్నది, త్వరగా కోలుకుంటారు. పైగా 70 దాటి, గడ్డ 2 సెంటీమీటర్ల లోపే ఉండి, చంకలోకి పాకకుండా, హార్మోన్ పాజిటివ్ (హార్మోన్ మాత్రలకి లొంగే రకం) అయితే, హార్మోన్ మాత్రలు ఐదేళ్లు మానకుండా వేసుకునే పక్షంలో రేడియేషన్ కూడా వదిలేసే వీలుంది. ఆ మాట రేడియేషన్ డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి.

## ఆపరేషన్‌కి ముందు: ఆకారం మాట

ప్రాణం గురించి భయపడాల్సింది పోయి ఆకారం గురించి అడిగితే ఏమనుకుంటారో?

ఏమీ అనుకోరు. అనుకున్నా అడగండి. ఈ పేజీలో ఒక్కటే చదివే టైముంటే ఇది చదవమంటాను.

ఆకారాన్ని కాపాడుకోవడానికి మంచి అవకాశం మొదటి ఆపరేషనే. గడ్డ తీసినచోట మిగిలిన ఖాళీని అదే పూట పక్క కండతో సర్ది మూసేయొచ్చు. అప్పుడు వదిలేసి రేడియేషన్ అయ్యాక "గుంట పడింది, సరిచేయండి" అంటే కష్టం. రేడియేషన్ తగిలిన కణజాలానికి సాగే గుణం తగ్గుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది, కోస్తే మానడం నెమ్మదిస్తుంది.

అడగాల్సినవి మొహమాటం లేకుండా ఇలా అడగండి. కట్ ఎక్కడ పెడతారు? ఎంత భాగం పోతుంది? ఆ ఖాళీని ఎలా నింపుతారు? చనుమొన ఎటైనా తిరిగిపోతుందా? రెండు పక్కలా తేడా వస్తే రెండో రొమ్ముని సరిచేస్తారా, ఇప్పుడా, తర్వాతా? ఇలాంటి ఆపరేషన్లు మీరే చేస్తారా, ప్లాస్టిక్ సర్జన్ కూడా ఉంటారా? వీటికి ఓపిగ్గా జవాబు రాకపోతే ఇంకో డాక్టరు దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి. దానికి ఒక వారం పట్టినా జబ్బు చెయ్యిదాటిపోదు.

ఇవి అడిగేది మీరే అయ్యుండాలి. పక్కన భర్తో, అన్నయ్యో కూర్చుని "ఆ ముచ్చట్లేం వద్దండీ, జబ్బు పోతే చాలు" అని మీ తరఫున తేల్చేయడం మామూలే. అలాంటప్పుడు డాక్టరు గారితో ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలని నర్సుకి చెప్పండి, ఏర్పాటు చేస్తారు.

ఎంత తీస్తే బయటికి తేడా తెలుస్తుంది?

రొమ్ములో 20 శాతం లోపు తీస్తే పక్క కణజాలాన్ని సర్ది చాలావరకు సరిపెట్టొచ్చు. 20 నుంచి 50 శాతం మధ్య అయితే పెద్ద పద్ధతులు కావాలి. ఎంత తీశారన్నదే కాదు, ఎక్కడ తీశారన్నదీ ముఖ్యమే. పైన చంక వైపు కండ ఎక్కువ కాబట్టి లోటు కనిపించదు. లోపలి వైపు పైభాగంలో కండ తక్కువ, జాకెట్టు మెడలోంచి కనిపించేది కూడా అక్కడే. అన్నిటికన్నా ఇబ్బంది కింది భాగం. అక్కడ తీసి ఊరికే కుట్టేస్తే చనుమొన కిందికి వంగిపోయి పక్కనుంచి చూస్తే చిలక ముక్కులా కనిపిస్తుంది. మీ గడ్డ కింది భాగంలో ఉంటే సర్దుబాటు గురించి తప్పకుండా అడగండి.

ఆంకోప్లాస్టీ అన్నారు. అంటే అందం కోసం చేసేదా?

క్యాన్సర్‌ని క్యాన్సర్‌లాగే తీసి, మిగిలిన రొమ్ముని ప్లాస్టిక్ సర్జరీ పద్ధతిలో సర్దడం. రొమ్ము పెద్దగా, జారి ఉన్నవాళ్లకి సైజు తగ్గించే ఆపరేషన్ రూపంలోనే గడ్డనీ తీసేస్తారు. మెడ నొప్పి, భుజాల మీద పట్టీ గాట్లు కూడా తగ్గాయని తర్వాత సంతోషపడేవాళ్లున్నారు. చిన్న రొమ్ము ఉన్నవాళ్లకి ఛాతీ పక్కనుంచో వీపు నుంచో కొంత కండ తిప్పి తెచ్చి ఖాళీ నింపుతారు. ఎక్కువ భాగం తీసే వీలుండటంతో అంచులు శుభ్రంగా రావడానికీ ఇది సాయపడుతుంది.

ఖరీదు లేకుండా ఏదీ రాదు. మచ్చలు పొడవుగా ఉంటాయి, ఆపరేషన్ టైము పెరుగుతుంది. షుగరు అదుపులో లేనివాళ్లకి, పొగతాగేవాళ్లకి కుట్లు మానడం ఆలస్యమైతే ఆ తర్వాతి కీమో, రేడియేషన్ వెనక్కిపోతాయి. గడ్డ చిన్నదై మంచి చోట ఉంటే ఇంత హంగామా అక్కర్లేదు కూడా.

కట్ ఎక్కడ పడుతుందో నేను చెప్పొచ్చా?

అడగొచ్చు. చనుమొన చుట్టూ నల్లటి భాగం అంచున, రొమ్ము కింది మడతలో, లేదా చంక పక్కన పెడితే మచ్చ అంతగా కనిపించదు. గడ్డ ఉన్నచోటుని బట్టి అది ఎప్పుడూ కుదరదు. ఆపరేషన్ రోజు ఉదయం మిమ్మల్ని కూర్చోబెట్టో నిలబెట్టో పెన్నుతో గీతలు గీస్తారు. పడుకుంటే రొమ్ము పక్కకి జారి కొలతలు మారిపోతాయి కాబట్టి మత్తు ఇవ్వకముందే గీయాలి. మీరు రోజూ తొడిగే జాకెట్టుతో వెళ్లి "మెడ ఇక్కడిదాకా ఉంటుంది, మచ్చ దీని లోపల పడేలా చూడండి" అని చూపించండి. మాటల్లో చెప్పడం కన్నా ఇది తేలిక.

చనుమొన ఉంచుతారా?

గడ్డ దానికి దూరంగా ఉంటే ఉంచుతారు. సరిగ్గా దాని వెనకే ఉంటే తీయాల్సి రావచ్చు. అప్పుడు కూడా రొమ్ము మొత్తం తీయక్కర్లేదు. తర్వాత కావాలంటే చర్మంతో చిన్న మొన చేసి, రంగు కోసం టాటూ వేస్తారు. స్పర్శ మాత్రం తిరిగి రాదు.

ప్రభుత్వ కార్డు మీద అవుతుందా?

ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే ఇదివరకు ఆరోగ్యశ్రీ అన్నది, క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడింటికీ వర్తిస్తుంది. పథకంలో ఉన్న ఆసుపత్రిలో వైద్యమిత్ర డెస్కు దగ్గర రెండు విషయాలు విడివిడిగా అడగండి: రేడియేషన్ ఇక్కడే ఇస్తారా, వేరేచోటికి పంపుతారా? రెండో రొమ్ముని సరిచేయాల్సి వస్తే అది కార్డులో వస్తుందా? విశాఖ వెళ్లగలిగితే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

## ఆపరేషన్ అయ్యాక మొదటి వారాలు

"అంచుల్లో ఉంది, మళ్లీ కొంచెం తీయాలి" అన్నారు. మొదటిసారి సరిగ్గా చేయలేదా?

తీసిన ముక్కకి ల్యాబులో చుట్టూ సిరా పూసి, సన్నటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. క్యాన్సర్ కణాలు సిరాని తాకకపోతే సరిపోతుందని 2014 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. పాలనాళాల్లోనే ఉండిపోయిన తొలిదశ రకానికైతే 2 మిల్లీమీటర్ల ఎడం కావాలి. కంటికి కనిపించని కణాలు కాబట్టి ఎంత చేయి తిరిగిన సర్జన్‌కైనా కొన్నిసార్లు మళ్లీ కోయక తప్పదు. ప్రపంచవ్యాప్తంగా చూస్తే సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది జరుగుతుంది. రెండోసారి తీసినా చాలామందికి రొమ్ము నిలుస్తుంది.

మూత్రం నీలంగా వచ్చింది! భయమేసింది.

చంకలో మొదటి గ్రంథిని, అంటే జబ్బు పాకితే ముందుగా చేరేదాన్ని, వెతకడానికి నీలి రంగు మందు ఎక్కించి ఉంటారు. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. చనుమొన దగ్గర చర్మం మీది నీలి మరక మాత్రం కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది.

కుట్టు దగ్గర నీళ్లు చేరినట్టు కదులుతోంది.

గడ్డ తీసిన ఖాళీలో ఊట చేరడం మామూలే, చాలావరకు ఒళ్లే పీల్చుకుంటుంది. మొదటి రెండు మూడు నెలలు రొమ్ము నిండుగా, బాగున్నట్టు కనిపించేది కొంత ఈ ఊట వల్లే. అది ఇంకాక అసలు ఆకారం బయటపడుతుంది. తర్వాత గుంట కనిపిస్తే కొత్తగా ఏదో అయిందని కంగారుపడకండి. ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం వస్తే మాత్రం ఆ రోజే వెళ్లాలి.

చేపలు, వంకాయ తింటే చీము పడుతుందా? ఎన్నాళ్లు పథ్యం?

పథ్యం లేదు. చేపలు, గుడ్లు, పప్పు, పెరుగు అన్నీ తినండి. కుట్లు మానడానికి మాంసకృత్తులు కావాలి. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, వంకాయ వల్ల కాదు. షుగరు ఉన్నవాళ్లు దాన్ని అదుపులో పెట్టుకోవడం అసలైన పథ్యం. నెలరోజులు చారన్నం, కారప్పొడితో ఉంచేసి, మనిషి నీరసపడ్డాక కీమోకి తీసుకొస్తుంటారు. పులస దొరికే రోజుల్లో ఆపరేషన్ అయితే పులస కూడా తినొచ్చు, డబ్బులుంటే.

బ్రా ఎప్పటినుంచి వేసుకోవాలి?

చాలామంది సర్జన్లు వెంటనే వేసుకోమంటారు. ముందువైపు హుక్కులు, వైరు లేనిది, మెత్తటి కాటన్‌ది. ఆధారం ఉంటే నొప్పీ వాపూ తగ్గుతాయి. మొదటి కొన్ని వారాలు రాత్రిపూట కూడా ఉంచుకోవడం మంచిది. నైటీలో వదులుగా వదిలేస్తే రొమ్ము బరువు కుట్టు మీద పడుతుంది.

## రేడియేషన్ రోజుల్లో

కరెంటు ఎన్ని రోజులు పెడతారు? షాకు కొడుతుందా?

పేరుకే కరెంటు. ఎక్స్‌రేలాంటి కిరణాలే, శక్తి ఎక్కువ. తగిలేటప్పుడు ఏమీ తెలీదు. బల్ల మీద చెయ్యి తలపైకి పెట్టుకుని కొన్ని నిమిషాలు కదలకుండా పడుకోవాలి. వారానికి ఐదు రోజులు. ఇదివరకు ఐదు వారాలు ఇచ్చేవారు, ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో 15 లేదా 16 సార్లతో అయిపోతుంది. గడ్డ ఉన్నచోట అదనపు డోసు కావాలంటే ఇంకొన్ని రోజులు. ఒక్క వారంలో ఐదుసార్లు ఇచ్చే పద్ధతి కూడా మూడు వారాలదానికి తీసిపోదని బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం 2020లో తేల్చింది. దూరం నుంచి వచ్చేవాళ్లు అది తమకి కుదురుతుందా అని అడగడంలో తప్పు లేదు.

ఇంటికొచ్చాక మీ ఒంట్లోంచి కిరణాలు రావు. పిల్లల్ని ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు.

మాది లంక. వరదొస్తే ఎలా రావాలి?

ఇది డాక్టర్లకి తట్టని ప్రశ్న, మీరే లేవనెత్తాలి. మొదలుపెట్టిన రేడియేషన్ మధ్యలో ఆగకూడదు. గోదావరికి జులై, ఆగస్టుల్లో నీళ్లొస్తే కాజ్‌వేలు మునుగుతాయి, నరసాపురం సఖినేటిపల్లి మధ్య నది దాటించే పంటు ఆపేస్తారు. మీ రేడియేషన్ ఆ నెలల్లో పడేలా ఉంటే, మొదలయ్యే తేదీ ఖాయం కాగానే ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే చుట్టాలింట్లోనో గదిలోనో మకాం చూసుకోండి. "రోజూ వచ్చి వెళ్తాంలే" అనుకోవద్దు. ఎంత జాగ్రత్తపడినా ఒక రోజు తప్పితే వెంటనే ఫోన్ చేయండి, ఆ డోసు ఎలా సర్దాలో వాళ్లు చూసుకుంటారు. ఊరుకుంటేనే నష్టం.

చర్మం నల్లబడి మండుతోంది. పసుపు రాయనా?

వద్దు. పసుపు, ఆకు పసరు, టూత్‌పేస్టు ఏవీ రాయకండి. కొబ్బరి నూనె, క్రీములు ఏదైనా సరే ఆసుపత్రిలో అడిగి రాయండి, రేడియేషన్‌కి వెళ్లేముందు మాత్రం చర్మం పొడిగా ఉండాలి. రొమ్ము కింద మడతలో చెమట నిలిచి ముందుగా ఒరిసేది అక్కడే. మెత్తటి పాత నూలుబట్ట మడతలో పెట్టుకుంటే హాయి. నలుపు రేడియేషన్ ముగిసిన వారం పది రోజులదాకా పెరిగి, తర్వాత నెలల్లో మెల్లగా తగ్గుతుంది.

ఎడమ రొమ్ము. గుండెకేమైనా అవుతుందా?

గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టినప్పుడు గుండె రొమ్ముకి కాస్త దూరం జరుగుతుంది. ఆ క్షణాల్లోనే కిరణాలు ఇచ్చే సౌకర్యం చాలా కేంద్రాల్లో ఉంది. ఉందా అని అడగండి.

## నెలలు, ఏళ్లు గడిచాక

ఏడాదికి రొమ్ము గట్టిపడి పైకి లాగినట్టయింది. తిరిగొచ్చిందా?

ఎక్కువసార్లు అది రేడియేషన్ వల్ల లోపల గట్టిపడటం. రెండు మూడేళ్లదాకా ఆకారం మారుతూనే ఉంటుంది. ఒళ్లు వచ్చినకొద్దీ మామూలు రొమ్ము పెరిగి, రేడియేషన్ తీసుకున్నది పెరగక తేడా ఇంకా తెలుస్తుంది. కానీ కొత్త గడ్డ, చర్మం మీద పుండు, చనుమొన నుంచి రక్తం, చంకలో బిళ్ల, వీటిలో ఏది కనిపించినా వచ్చే చెకప్ దాకా ఆగకండి.

గుంట పడింది. ఇప్పుడు సరిచేయొచ్చా?

చేయొచ్చు, కాకపోతే ఓపిక కావాలి. రేడియేషన్ అయి కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది ఆగమంటారు. పొట్ట నుంచి కొవ్వు తీసి గుంటలో ఎక్కించడం ఒక పద్ధతి. కొంత కరిగిపోతుంది కాబట్టి ఒకటికి రెండుసార్లు చేయాల్సి రావచ్చు. లోటు పెద్దదైతే వీపు కండ తెస్తారు. సిలికాన్ పెట్టేయమని అడుగుతుంటారు కానీ, రేడియేషన్ తగిలిన చోట దాని చుట్టూ పొర బిగుసుకుపోయి గట్టిబడే ప్రమాదం ఎక్కువ. మామూలు జాకెట్టు తొడిగినప్పుడు ఇబ్బంది లేకపోతే, ఏమీ చేయించుకోకపోవడం కూడా మంచి నిర్ణయమే.

జాకెట్టు ఒక పక్క వదులైపోతోంది.

ఆపరేషన్ అయిన పక్క విడిగా కొలత తీసుకోమని టైలరుకి చెప్పండి. రెండు పక్కలకీ ఒకే కొలత పెడితే వదులు తప్పదు. లోపల కప్పులో పల్చటి పత్తి ప్యాడ్ కుట్టించుకుంటే లోటు నిండుతుంది. సగం లోటుకి సరిపోయే సిలికాన్ ప్యాడ్లు కూడా దొరుకుతాయి. పమిట ఎడమ వైపు వస్తుంది కాబట్టి ఎడమ రొమ్ము తేడా చీరలో దాదాపు తెలియదు, కుడి వైపు వాళ్లకే ఈ తిప్పలు.

చెయ్యి వాస్తుందంటున్నారు. ఊడ్పులకి, రొయ్యల షెడ్డుకి వెళ్లొచ్చా?

చంకలో గ్రంథులన్నీ తీస్తే సుమారు 100కి 20 మందికి, ఒకటి రెండు మాత్రమే తీస్తే 5 మందికి చెయ్యి వాపు రావచ్చు. మీకు ఏది చేశారో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. చేతి వ్యాయామాలు మానకపోతే చెయ్యి పైకి లేస్తుంది, పనికీ వెళ్లొచ్చు. దెబ్బ తగలకుండా చూసుకోవడం ముఖ్యం. రొయ్య ముల్లు గుచ్చుకున్నా, బురదలో చెయ్యి గీసుకున్నా ఆ చేతికి ఇన్ఫెక్షన్ త్వరగా పాకుతుంది, దాంతో వాపు మొదలవుతుంది. గ్లోవ్స్ వేసుకోండి, గాటు పడితే సబ్బుతో కడిగి, ఎర్రబడితే అదే రోజు చూపించండి. లేసు అల్లేవాళ్లు అరగంటకోసారి హుక్కు పక్కనపెట్టి భుజం తిప్పితే చాలు.

మా ఆయన ముట్టుకోవడానికి భయపడుతున్నారు.

అంటుకునే జబ్బు కాదు, ముట్టుకుంటే తిరిగి రాదు. చాలామంది మగవాళ్లది అసహ్యం కాదు, నొప్పి పుడుతుందేమోనన్న టెన్షన్. వచ్చే చెకప్‌కి ఆయన్నీ లోపలికి తీసుకెళ్లి డాక్టరు చేతే చెప్పించండి.

ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నాం. పాలివ్వగలనా?

టామాక్సిఫెన్ (హార్మోన్ మాత్ర) వాడుతున్నంతకాలం గర్భం రాకూడదు. ఎప్పుడు ఆపాలో డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. రేడియేషన్ తీసుకున్న రొమ్ములో పాలు సరిగ్గా పడవు, రెండో వైపు నుంచి మామూలుగా ఇవ్వొచ్చు.

ఇంకా ఎన్నాళ్లు చెకప్‌లు?

రేడియేషన్ అయ్యాక ఆరు నెలల నుంచి ఏడాది లోపు మొదటి మామోగ్రామ్, ఆ తర్వాత ఏడాదికోసారి, రెండు రొమ్ములకీ. పాత ఫిల్ములు, సీడీలు తప్పకుండా పట్టుకెళ్లండి. ఆపరేషన్ మచ్చ కొత్త గడ్డలా కనిపించవచ్చు, పోయినేడు ఫిల్ము పక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. అవి లేక అనవసరంగా మళ్లీ సూది పరీక్ష చేయించుకున్నవాళ్లున్నారు.